కాటుక కొమ్ము

రిజిస్ట్రారు కలం ఆపి
"స్పెల్లింగు?" అన్నాడట.
నాన్న కోటులోంచి బైబిలు తీసి
యోబు ఆఖరి పుట మీద వేలు పెట్టాడు.
గోటి చివర బొగ్గు.

కెరెంహప్పుకు.
కష్టాలు గట్టెక్కాక యోబుకు పుట్టిన
ముగ్గురు కూతుళ్లలో కడగొట్టుది.
కొమ్ముతో చేసిన కాటుక భరిణె అని అర్థం.
మా వేల్స్ లోయలో కాటుక మొహం
ఎవరూ చూసినవాళ్లు కారు.

"గ్వెన్!" అని కేకేస్తే మా వీధిలో
నాలుగు తలుపులు తెరుచుకునేవి.
నా పేరుకు ఒక్కటే.
బడిలో నోరు తిరగక
హ్యాపీ అన్నారు.
నేనప్పుడు ఏడుస్తున్నాను.

పన్నెండో ఏట అడిగాను,
ఎందుకు నాన్నా ఇంత పేరు?
గని దిగి వచ్చి, పొయ్యి ముందు తొట్టిలో కూర్చున్నాడు.
అమ్మ వీపు రుద్దుతోంది.
ఒళ్లంతా తెల్లబడినా
రెప్పల అంచున ఆ నలుపు మాత్రం
పెళ్లికూతురికి దిద్దినట్టు అలాగే ఉంది.

"ఇల్లు కూలి పోయారే, యోబు ముందటి పిల్లలు,
ఆ పదిమంది పేర్లూ
ఎవరూ రాయలేదు" అన్నాడు.
అంతే.
అమ్మ చెయ్యి ఆగింది.
నాకు ముందు ఇద్దరు.
చాపెల్ వెనక గడ్డిలో, రాయి లేదు.

మొన్న ఆసుపత్రి ఫారంలో
పేరుకిచ్చిన గళ్లు చాలలేదు.
చివరి అక్షరం గీత దాటింది.
నర్సు కొట్టేయబోతే వద్దన్నాను.
కాటుక కదా,
కాస్త బయటికి అంటుతుంది.