ముందు సీటు

పొద్దున ఏడున్నరకు కొర్రపాడు రోడ్డులో మొదలుపెడతా.
తొమ్మిదిమంది పిల్లోళ్ళు, తొమ్మిది బ్యాగులు,
కమ్మీకి వేలాడే తొమ్మిది టిఫిన్ సంచులు.
పదోవాడు నావాడు.
వాడు నా పక్కనే, డ్రైవరు సీటు అంచున,
సగం నా తొడ మీద, సగం గాలిలో.
రెండేండ్ల నుంచి అది వాని జాగా.

వెనక సంత మాదిరి గోల.
నా పక్కన మాత్రం
ఇంజను వేడి, వాని తల నూనె వాసన.
వానికేం గానీ, నిజం చెప్పాలంటే
నాకే బాగుండేది.

మూడో తరగతి సుభాషిణి టీచరు
పిలిపించి తిట్టలేదు.
ఒక కాగితం చూపించింది.
'నా స్నేహితుడు' గురించి రాయమంటే
మావోడు నాలుగు వంకర అక్షరాలు రాసినాడు:
'మా నాయన'.
కింద ఆటో బొమ్మ.
నేను నవ్వబోయినా. ఆమె నవ్వలేదు.
"ఆటల బెల్లు కొడితే గోడ పక్కన నిలబడతాడన్నా,
మీ బండి వచ్చే దిక్కు చూసుకుంటా."

ఆ మధ్యాహ్నం కిరాయిలు పట్టలేదు.
పెన్నా బ్రిడ్జి కాడ బండి ఆపి
ఇసుకలో సన్నంగా పారే నీళ్ళు చూస్తా కూచున్నా.
నేను ఐదుతో ఆపినోణ్ణి.
చదువు చెప్పేది నాకు చేతకాదు.
చేతనైంది ఒకటే,
ఎవర్ని యాడ దింపాల్నో తెలిసుండడం.

సోమవారం చెప్పినా:
"ఈపొద్దు నుంచి వెనక కూచో చెన్నా."
కిరాయి ఎగ్గొట్టి పోయే మనిషిని
నేనెట్ల చూస్తానో అట్ల చూసినాడు నన్ను.
పోయి కూచున్నాడు,
బ్యాగు ఒళ్ళో నిలబెట్టి దాని చాటున.

"ఒరేయ్, మూగోడొచ్చినాడ్రా!"
లోహిత్ గొంతు.
నా కాలు బ్రేకు మీదికి పోయింది.
దిగి ఆ పిల్లోని చెవి మెలేసేదానికి ఎంతసేపు!
మెలేస్తే మాత్రం
నావానికి పదో తరగతి దాకా అదే పేరు.
కాలు తీసేసినా.
అద్దం కొంచెం కిందికి వంచుకున్నా.

"పసివాణ్ణి ఎందుకట్ల తోసేస్తివి?"
రాత్రి మా ఇంటామె అడిగింది.
నాకూ సరిగ్గా తెలీదు.
సంగటి తిన్నాక పలక తెచ్చి
నేను రోజూ చూసే అంగడి బోర్డులు
గుర్తున్నకాడికి రాయడం మొదలుపెట్టినా.
వాడు చదవాల, తప్పైనా సరే.
'వస్త్రాలయం' కాడ
తండ్రీకొడుకులిద్దరం ఒత్తుల్లో ఇరుక్కున్నాం.

మంగళవారం బ్యాగు చాటునే. బుధవారం బ్యాగు చాటునే.

గురువారం గాంధీ రోడ్డులో
పత్తి లారీ అడ్డం తిరిగి బండ్లన్నీ ఆగిపోయినాయి.
కూడబలుక్కుని చదివే నౌషీన్
మోచేత్తో మావోణ్ణి పొడిచింది:
"ఏయ్, ఆ బోర్డు మీద ఏముంది?"

చానాసేపు ఏం లేదు. హారన్లే.
తర్వాత సన్నంగా, ఒక్కో మెట్టూ దిగినట్టు:
"బంగారు... నగలపై... ఉప్పు... ఇవ్వబడును."

ఆటో అంతా పగిలిపోయింది.
"అది అప్పురా!" అని ఒకరు,
"కారం గూడా ఇస్తారేమో అడుగుదాం పా" అని లోహిత్.
నాకు గుండెల్లో రాయి పడింది.
అద్దంలో చూస్తే
బ్యాగు కిందికి జారిపోయింది,
పైన రెండు పండ్లు ఊడిన సందు కనపడేటట్టు
వాడు గూడా నవ్వుతాన్నాడు.

లారీ పక్కకు తప్పుకున్నా నేను కదల్లేదు.
వెనక బస్సోడు తిట్టినాడు. తిట్టనీ.

టీచరమ్మకు ఇంకా చెప్పలేదు.
ఒక్క ఉప్పుతో కూర కాదు.
'య' ఇంకా తిరగేసే రాస్తాన్నాడు,
గోడ పక్కన ఈపొద్దు గూడా నిలబడే ఉంటాడేమో.

శుక్రవారం పొద్దున మళ్ళీ నా పక్కకే వచ్చినాడు.
సీటు అంచున నా టవలూ నీళ్ళ సీసా పెట్టింటి.
వాటిని చూసినాడు, నన్ను చూసినాడు,
ఏమీ అనకుండా వెనక్కి పోయినాడు.

మైదుకూరు రోడ్డు గుంత కాడ
అలవాటుగా నా ఎడమ చెయ్యి చాచుకుంది,
వాడు పడకుండా.

సీసా దొరికింది చేతికి.