గడప కాడి ఫైలు

మిర్యాలగూడ. రైసుమిల్లు మీద నా గది.
ఊక దుమ్ము కీబోర్డులకు దిగి
'ఎస్' ఒక్కటి కొడితే రెండు పడుతది.

ఒకే నల్ల తెర మీద నాకు రెండు కొలువులు:
కింద మిల్లు కాంటా లెక్క,
ఆవల మర్రిగూడ బోర్ల నీళ్ల పరీక్ష.
ఫోల్డరు మారినప్పుడల్లా
డేటాబేసు పేరు, తాళంచెవి, పోర్టు నంబరు
చేత్తోనే మార్చాలె.
మరవొద్దని పసుపు చీటీ రాసి అంటించుకున్న.
చీటీ మీద గూడ ఊకే.

వానకాలం వడ్లు దిగే రోజుల్ల
ఒక రాత్రి మరిచిపోయిన.
తెల్లారి రిపోర్టుల,
బడి వెనక బోరు, ఫ్లోరైడు:
నలభై రెండు క్వింటాళ్లు.

నీళ్ల ఆఫీసు సారు నవ్వలే, తిట్టలే.
వంకర్లు పోయిన వేళ్లతోని కాగితం మడిచి
"తక్కువనే రాసినవ్ బిడ్డా" అన్నడు.

ఆ సాయంత్రం ఫర్హానా నా కుర్చీ గుంజుకున్నది.
ఒక్కో ఫోల్డరు గడపల ఒక్కో చిన్న ఫైలు,
పేరుకు ముందు చుక్క, కంటికి ఆనకుంట.
లోపలికి అడుగేస్తే షెల్లు దాన్ని చదువుకుంటది,
ఆ ఇంటి పేర్లన్నీ తొడుక్కుంటది,
బయటికొస్తే విప్పి ఆడనే పెడతది.
సీడీ మిల్లు. మిల్లుదాన్నయిత.
సీడీ నీళ్లు. నీళ్లదాన్నయిత.
వారం దినాలు ఊకెనే అటూ ఇటూ దునికిన.

మొదటిసారి మాత్రం ఆగి అడుగుతది:
ఈ ఫైలు కొత్తది, ఒప్పుకుంటవా?
కామా ఒక్కటి మారినా మళ్లా అడుగుతది.

చాయ్ తెచ్చిన హమాలీ జానయ్య
మెట్టు మీద కూసోని అంతా విన్నడు.
"మా తాతకు గూడ ఉండె గిసొంటిది."

దేవరకొండ దిక్కు వాళ్ల ఊరు.
గడీ గోడ మొదలయ్యే కాడ ఒక సున్నమేసిన రాయి.
రాయి కాడికి రాంగనే
తాత చెయ్యి దానంతటదే కిందికి పోయేది,
చెప్పులు చంకలకొచ్చేవి.
గోడ అయిపోయినంక మళ్లా కాళ్లకు.
కేకేసేటోడు ఎవడూ లేడు. అవసరం లేకుండె.

గడీ కూలింది. రాళ్లు కొన్ని రోడ్డు కిందికి పోయినయి,
కొన్ని ఎవరి బర్ల కొట్టానికో.
ముసలితనంల, జానయ్య కొనిచ్చిన కొత్త జోడేసుకొని
తాత ఆ మూల తిరిగితే
ఒట్టి జాగ ముందల
జోడు లోపలనే వేళ్లు ముడుచుకునేవట.

"విప్పుడు గూడ వస్తదా నీ మిషినికి, పూరాగ?"
నేను జవాబు వెతుక్కునే లోపల
"మరి మా తాతను అడిగిన్రా, ఒప్పుకుంటవా అని?"
గ్లాసులు తీసుకొని దిగిపోయిండు.
బస్తాల లారీ హారన్ కొడుతున్నది.

రాత్రి తొమ్మిది.
నీళ్ల ఫోల్డరు ఫైలుల ఒక వరుస మార్చిన.
తెర ఆగింది. ఎర్రక్షరాల్ల అడిగింది.
ఎప్పుడూ చూడకుంటనే కొట్టేదాన్ని.
ఇయ్యాల మొదటి వరుస నుంచి చదువుతున్న,
వేలు పెట్టుకొని,
రెండుసార్లు పడ్డ 'ఎస్'లతో సహా.