వెలిగించలేదు

హల్లెలాయిడ్ లంకలో ఇప్పుడు దీపస్తంభం లేదు.
మోకాలెత్తు రాళ్ల వలయం,
దాని మీద సముద్రపు కాకుల రెట్టలు, అంతే.
ఇరవై ఏళ్ల కిందట ఒక జనవరిలో
బాల్టిక్ మంచు పలకలు పలకలుగా వచ్చి
దాని పాదం కోసుకుపోయింది.
కూలుతుంటే చూసినవాళ్లు లేరు.
తెల్లారి జాలర్లు
ఆకాశంలో ఏదో తక్కువైందనుకున్నారట.

నేను దాన్ని మళ్లీ కడుతున్నాను,
టాలిన్‌లో, నాలుగో అంతస్తులో,
సున్నం లేకుండా, తాపీ లేకుండా,
చేతికి మట్టంటకుండా.

జార్ల కాలపు నక్షా ఒకటి దొరికింది, మూల ఎలుక కొరికింది.
ఫోటోలు అరవై మూడు. వాటిలో నలభై పెళ్లివాళ్లవి,
స్తంభం వెనకెక్కడో, పూలగుత్తికీ టోపీకీ మధ్య.
మెట్లు నూట పన్నెండు.
కాపలాదార్ల దినచర్య పుస్తకాలు పదిహేడు:
గాలి దిక్కు, కిరోసిన్ లెక్క,
ఆవు ఈనింది,
పొగమంచు, పొగమంచు, పొగమంచు.

లోకంలో లేని గోడకి
పెచ్చులూడిన సున్నం వేయడానికి
నాకు పదకొండు రోజులు పట్టింది.

లెయిడాను హాప్సలు నుంచి బస్సులో తీసుకొచ్చారు.
ఎనభై ఆరేళ్లు. కాపలాదారు ఒస్వాల్డ్ కూతురు.
కళ్లకి ఆ పెట్టె తగిలిస్తే జడపిన్ను అడ్డొచ్చింది,
తీసి నా చేతిలో పెట్టింది.
తర్వాత ఎక్కడం మొదలుపెట్టింది,
ఖాళీ గదిలో, నున్నటి నేల మీద,
ఒక్కో మెట్టుకీ మోకాలెత్తుతూ.
ముప్పై నాలుగో మెట్టు దగ్గర కుడికి ఒరిగి
ఏదో దాటింది.
"ఇక్కడ పగులుంది. నువ్వు పెట్టలేదు."
రాసుకున్నాను.
"కిరోసిన్ కంపు లేదు."
రాసుకున్నాను.
"మా అమ్మ తిట్లు లేవు."
నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

తేదీ మార్చుకోవచ్చని చెప్పాను.
ఏ రాత్రి కావాలంటే ఆ రాత్రి,
గాలీ చంద్రుడూ దీపమూ అన్నీ పుస్తకం ప్రకారమే.
నాలుక చివరే ఉన్నట్టు అడిగింది:
పంతొమ్మిదొందల నలభై నాలుగు, సెప్టెంబరు ఇరవై రెండు.

ఈ తీరాన పుట్టినవాళ్లకి ఆ రోజులు చెప్పనక్కర్లేదు.
ఒక సైన్యం పోతోంది, ఇంకొకటి వస్తోంది,
ఆ సందులోంచి జనం
చేపల పడవల్లో స్వీడన్ వైపు.
దీపాలన్నీ ఆర్పేయమని ఉత్తర్వు.
ఆ పేజీలో ఒస్వాల్డ్ రాసింది ఒకే మాట:
వెలిగించలేదు.

తేదీ తిప్పాను. అంతా చీకటి.
సముద్రపు హోరు మాత్రం ఉంది,
అదీ వేరే తీరాన రికార్డు చేసిందే.
లెయిడా చాలాసేపు కదలలేదు.
"తప్పు," అంది.

"మా మేనత్త పడవ రాళ్లవైపు పోతోంది.
నాన్న మూడుసార్లు చూపించాడు.
మూడే. తెర ఎత్తి, దించి.
తొందరలో వేడి గాజు పట్టుకుంటే అరచెయ్యి కాలింది,
వెన్న రాసింది నేనే.
పొద్దున సిపాయిలు అడుగుతారని ఆ మాట రాశాడు.
రాసినందుకు పోయేదాకా దాని మీదే నిలబడ్డాడు,
నాతో కూడా."

మేనత్త ఏమైందని అడిగాను.
"తెలీదు. ఉత్తరం రాలేదు.
ఆ రోజుల్లో ఎవరికొచ్చాయి కనక."

మా పనికి ఒక నియమముంది:
ప్రతి రాయికీ ఆధారం చూపాలి,
కాగితమో, ఫోటోనో, కొలతో.
కాలిన చెయ్యి మట్టిలో కలిసి యాభై ఏళ్లు.

ఆ సాయంత్రం అందరూ వెళ్లాక
ఇరవై రెండో తేదీ తెరిచాను.
మూడు మెరుపులు పెట్టాను.
మధ్యలో ఎంత చీకటుండాలో తెలియక
నా ఊపిరితో కొలిచాను.
ఆధారం అన్న గడిలో రాశాను:
ఆరేళ్ల పిల్ల, మెట్ల మీద నిలబడి చూసింది.
పుస్తకంలో మాటని చెరపలేదు.
అది కూడా ఆయన పెట్టిన దీపమే.

జడపిన్ను ఇంకా నా బల్ల మీదే ఉంది.
రేపు ఫోను చేయాలి,
ముప్పై నాలుగో మెట్టు పగులు
ఎంత వెడల్పో అడగాలి.