పదిమంది అయితేనే

పొద్దున తొమ్మిదిన్నర నుంచి
వారాసిగూడ బస్తీ దవాఖానలో
నేనూ, నీలం డబ్బా, అందులో ఐసు ప్యాకెట్లు,
వాటి నడుమ మూత తియ్యని ఒక సీసా.
పదిమంది అయితేనే తెరవాలి.
తెరిచాక నాలుగు గంటలే దాని ఆయుష్షు.

పదకొండుకి ఇద్దరు.
ముందొచ్చింది మణెమ్మ,
కొంగున ఆధార్ కార్డు ముడేసుకుని.
"రెండు సూదులు ఏసుకుంటి గద బిడ్డా,
మల్ల గిదెందుకు?"
అడిగి, జవాబు కోసం ఆగకుండానే
చెప్పులు విడిచి బెంచీ మీద కాళ్లు ముడుచుకుంది.
ఫంక్షన్ హాల్లో గిన్నెలు తోమే మనిషి,
ఫ్యాను కింద కూర్చోవడానికి ఏదో ఒక పని ఉండాలి కదా.

రెండో ఆయన గడియారాల హబీబుద్దీన్ సాబ్.
నా బదులు ఆయనే చెప్పాడు:
"కీ ఇస్తే నడుస్తది, దిగిపోతే మళ్లీ ఇయ్యాలె.
ఇందులో సమజ్ కానిదేముందమ్మా?"
"కీ గడియారాలు ఇప్పుడెవరు కడుతున్నరు సాబ్?"
అంది మణెమ్మ.
ఆయన కూడా నవ్వాడు, కొంచెం ఆలస్యంగా.

గుమ్మంలో హెల్మెట్ తియ్యకుండా ఒక డెలివరీ కుర్రాడు:
"ఇది ఏసుకోకుంటే పనిల కెళ్లి తీసేస్తరా?"
తియ్యరన్నాను.
"మరింకేం!"
అప్పటికే కాగితం మీద మూడు అని వేసుకున్నాను.
కొట్టేశాను.

నిజం చెప్పాలంటే నాకూ అంతా తెలియదు.
అరవై దాటినవాళ్లు, షుగరున్నవాళ్లు చెయ్యి చాపితే
నా చెయ్యి తడబడదు.
ఆ కుర్రాడికి ఎంత అవసరమో మాత్రం
సర్క్యులర్ ఒకటంటుంది, పేపరు ఇంకోటంటుంది,
మా డాక్టరమ్మని అడిగితే
"మంచిదే కదా" అని పెన్నుకి మూత పెడుతుంది.

పోయిన ఏడాది మే నెలలో ఇదే గుమ్మం.
తెల్లవారుజామున నాలుగింటికే లైను.
మనుషుల కంటే ముందు వరసలో
చెప్పులు, ఇటుకలు, ఒక నీళ్ల బిందె.
వంద టోకెన్లు.
నూట ఒకటో మనిషి చేతిలో స్టీలు టిఫిను ఉంది.
రేపు రండి అన్నాను.
మర్నాడు స్టాకు రాలేదు. ఆ మర్నాడూ.
వచ్చిన రోజు ఆయన లైనులో లేడు.
ఇంకెక్కడో వేసుకునే ఉంటాడు.
ఉంటాడు.
పేరు తెలియదు నాకు.
వేసుకున్నవాళ్ల పేర్లే రిజిస్టర్లో ఉంటాయి.

మూడింటికి ఆరుగురు.
బయట వాన అందుకుంది.
పార్శీగుట్ట వైపు నుంచి ఎర్రనీళ్లు రోడ్డు మీదికి దిగుతున్నాయి.
ఫోన్లో సూపర్‌వైజరు:
"పది కాకుండా తెరిస్తే వేస్టేజీ నీ పేరున రాస్తా."
మణెమ్మ నా వంక చూడలేదు, గోడ వంక చూసి అంది,
"రేపంటే ఒక రోజు కూలి పోతది బిడ్డా."

మూత తీశాను.
చిన్న చప్పుడు. ఆ ఆరుగురిలో ఎవరూ విన్నట్టు లేదు.

మణెమ్మ భుజం తిరగలి రాయి లాగుంది.
సాబ్ చొక్కా గుండీలు విప్పుకోవడానికి
గడియారం విప్పినంత సేపు పట్టింది.
అరగంట కూర్చోమన్నాను. కూర్చున్నారు.
వెళ్తూ వెళ్తూ మణెమ్మ,
"నాలుగోదుంటే ముందే చెప్పు, గాజులు తీసొస్త."

ఐదింటికి తాళం వెయ్యాలి. వెయ్యలేదు.
రెక్క ఒకటి తెరిచే ఉంచి
ఏడు దాకా కూర్చున్నాను.
ఆటోలు ఆగాయి, ఎవరి కోసమో, వెళ్లిపోయాయి.
ఒకసారి ఎవరో వచ్చారు,
తలదాచుకోవడానికి.
అడిగాను. "వద్దు మేడమ్, నాకు సూదంటే భయం."

సీసాని ట్యూబులైటు కేసి పట్టి చూశాను.
అడుగున రెండు మిల్లీలీటర్లు.
రిజిస్టరు తీశాను.
వాడినవి: ఆరు.
వృథా: నాలుగు.
కారణం అన్న గడిలో
చాలాసేపు పెన్ను ఆనించి ఉంచి
వాన అని రాశాను.
అబద్ధమేం కాదు,
కురుస్తూనే ఉంది.