కణ్ణు

అంబత్తూరు ఎస్టేటులో పదకొండేళ్ళుగా
ఇనుముకి ఇనుముని అతికేవాణ్ణి.
నీలం వెలుగు సంగతి నాకు తెలుసు.
ముసుగు దించడం మరిచి ఒక్క రవ్వ చూసినా
రాత్రంతా రెప్పల కింద ఇసక పోసినట్టుంటాది.
ఉర్లగడ్డ ముక్కలు కళ్ళ మీద పెట్టుకుని
గోడవైపు తిరిగి పడుకుంటాం.

అట్లాంటి నీలంలో
నా బిడ్డని పండబెట్టినారు, ఎగ్మూరులో,
పుట్టిన మూడో దినాన.
ఒంటి మీద నూలుపోగు లేదు.
కళ్ళకి మాత్రం నల్లగుడ్డ.
"పద్దెనిమిది పాయింట్ నాలుగు" అన్నాడు డాక్టరు
బస్సు నంబరు చెప్పినట్టు.

ముందురోజు మా అత్త మురిసింది:
పసుపు ఛాయ! మీ ఇంట్లో ఎవరికుంది ఈ రంగు?
నిజమే, మేమంతా కాలిన పెనాలం.
నేనూ మురిసినా.
ఆ మురిపెం ఇప్పుడు గొంతుకడ్డం.
నర్సు ఎళిలరసి అరికాలు వేలితో నొక్కి చూపించింది.
నెత్తురు పక్కకి తప్పుకున్నచోట
కడిగితే పోని పసుపు.

పసరు పోయిద్దామంది అత్త.
ఎండ పొడ చూపిద్దామంది.
కార్తీకంలో మద్రాసుకి ఎండెక్కడిది?

రెండు గంటలకోసారి మునెమ్మ
కుట్లు పట్టుకుని, గోడ పట్టుకుని లోపలికి పోతుంది.
గుడ్డ విప్పి పాలిస్తుంది.
"చూస్తా ఉందయ్యా" అంటాది బయటికొచ్చి,
"నన్నే."
నాకు అద్దం ఇవతల చోటు.
ఆరు ట్యూబుల్లో కొసది వణుకుతా ఉంది.
చోకు పోయుంటాది.
స్టూలిస్తే రెండు నిమిషాల పని.
ఎవరినడగాలో తెలీలేదు.

రాత్రి రెండూ నలభైకి కరెంటు పోయింది.
నీలమంతా ఒక్కసారిగా ఆరిపోయింది.
అద్దానికి నుదురానించి లెక్కబెట్టినా,
ఒకటి, రెండు, మూడు...
జనరేటరు దగ్గుతా ఉంది, పట్టుకోవడం లేదు.
చీకట్లో ఎళిలరసి సెల్లు వెలుగు
పడక నించి పడకకి పోతా
"ఒణ్ణుమిల్ల కణ్ణు, ఒణ్ణుమిల్ల" అంటా ఉంది.
వాళ్ళ మాటలో కణ్ణంటే బిడ్డ కూడా.
మా మాటలో కనడమంటే పుట్టించడం,
కనడమంటే చూడడం.
పుట్టినప్పుడు రెప్పలు ఉబ్బి ఉండె,
ఆపైన గుడ్డ కట్టిరి.
కన్నాను గానీ
ఇంకా కనలేదు నేను.
పంతొమ్మిది దగ్గర వెలుగొచ్చింది.

మరుసటి దినం పనికి పోయినా, పోక తప్పలేదు.
గేటు కమ్మీ అతుకుతా
ఆ వణికే ట్యూబు గుర్తొచ్చి
ముసుగు దించడం మరిచినా.

ఐదో దినం పొద్దున, పదకొండు పాయింట్ రెండు.
గుడ్డ తీసేసి
నా మోచేతుల్లో పెట్టింది ఎళిలరసి.
నా కళ్ళు మిరపకాయలు, నీళ్ళు కారతా ఉన్నాయి.
"అళువాదే" అంది ఆమె. ఏడవద్దని.
ఏడుపు కాదు సిస్టర్, వెల్డింగు,
అనబోయి ఊరుకున్నా.
కిటికీ లోంచి మామూలు వెలుతురు,
మబ్బు వెలుతురు,
దానికే ఓర్వలేక
నా బిడ్డ ఒక కన్ను తెరిచి మూసింది.
నేనూ మూసినా.
మళ్ళీ తెరిచింది.