నడిమి దోవ

బండి బానెట్ మీద పటం పరుస్తారు వాళ్లు.
గాలికి లేవకుండా ఒక మూల నీళ్ల సీసా,
ఇంకో మూల నా అరచెయ్యి.
"దస్తా, ఏ దోవ బాగుంటుంది చూడ్డానికి?"
ఎన్ని కొండలైనా ఎక్కుతారు గాని
దస్తగిరిలోని గిరి ఎక్కదు వాళ్ల నోటికి.

తొమ్మిదేళ్లుగా చెబుతూనే ఉన్నాను:
రోజాపూలు కావాలంటే ఏప్రిల్‌లో రండి,
మోకాళ్ల నొప్పులుంటే ఫలజ్ గట్టు వదలొద్దు,
నీళ్లు పోయే దోవ మనిషిని ఆయాసపెట్టదు,
లోయ చూడాలంటే పొద్దున్నే పోండి,
పదకొండు దాటితే రాయి కూడా నీడ వెతుక్కుంటుంది.
అన్నీ విన్నవే.
వెనక సీట్లో వాళ్లు చెప్పుకుంటుంటే
అద్దంలో చూస్తూ విన్నవి.

నాకు తెలిసింది ప్రతి దోవకీ రెండు కొసలు.
ఈడ దించుతాను. ఆడ ఎక్కించుకుంటాను.
నడిమిది వాళ్లది.

పోయేటప్పుడు సబ్బు వాసన, వచ్చేటప్పుడు చెమట,
సాక్సులకంటుకొచ్చిన ముళ్లకాయలు
సీటు మీంచి ఏరి పారేసేది నేనే.
ఒకామె మాత్రం, తల నెరిసినామె, ఒంటరిగా వచ్చింది,
దిగొచ్చి కూర్చుని
నిజ్వా దాకా ఏడుస్తూనే ఉంది.
ఏమైందని అడగలేదు.
కిలోమీటర్లు రాసుకున్నాను.

పండగ సెలవు నాలుగు రోజులు.
బండి తాళం నా చేతికిచ్చి కఫీల్ సలాలా పోయాడు.
"మాల్‌కి పోదాం రా, ఏసీలో ఎంతసేపైనా నడవచ్చు"
అన్నాడు ఓబులేసు.
నేను మంచం మీద పటం పరిచాను.
ఒక మూల దిండు, ఇంకో మూల
ఎవరి చెయ్యీ లేదు, అది చుట్టుకుపోతా ఉంది.

గుండ్రంగా తిరిగి మొదటికొచ్చే దోవ ఒక్కటీ లేదు పటంలో.
అవతలి కొసన బండి పెట్టుకుని కాచుకునే దస్తగిరి
నాకు లేడు కదా,
పోయిన దోవనే తిరిగి రావాలి.
సరే, డబ్బులిచ్చినోళ్లు ఒకసారే చూస్తారు,
నేను రెండుసార్లు చూస్తా అనుకున్నా.
ఆమె ఏడ్చిన దోవ మీద వేలు పెట్టాను.

"సవారీ ఏదీ ఈ రోజు?" కహ్వా పోస్తూ ఖల్ఫాన్ అడిగాడు.
"నేనే."
ఇంకో రెండు ఖర్జూరాలు జేబులో వేశాడు.

పచ్చకొండ అంటారు గాని
పచ్చదనమంతా చేతిగుడ్డ వెడల్పు మడుల్లోనే,
మిగతాది ఎముక రంగు రాయి.
రాళ్ల మీద రంగు గీతలు చూసుకుంటూ నడిచాను.
పెన్న గండిలో మేకలు కాసినోణ్ణి,
అట్టాంటి చోటికి డబ్బిచ్చి వస్తారని ఎవరన్నా చెప్పుంటే
మేకల్ని కూడా వరుసలో నిలబెట్టుందును.

నడుమకి చేరాను.
కప్పు పడిపోయిన ఇల్లొకటి. గడప ఉంది, తలుపు లేదు.
పక్కన దానిమ్మ చెట్టు,
మనుషులు వెళ్లిపోయిన సంగతి తెలీక
కాలవ ఇంకా దానికి నీళ్లు తెచ్చి పోస్తోంది.
ఏడవాల్సిందేమీ కనపడలేదు.
అయినా కూర్చున్నాను, చాలాసేపు.

అప్పుడు కనిపించింది కింద, దోవ దిగే చోట,
రోజూ నేను కాచుకునే మలుపు.
బండి కారిన నూనె మరక, ఎండలో నల్లగా, నేరేడు పండంత.
"పైనుంచి చెయ్యి ఊపాం, చూడనే లేదు నువ్వు"
అనేవాళ్లు ప్రతిసారీ.
మర్యాదకంటారనుకున్నా.
ఆ మరక దగ్గర ఎవరూ లేరు.
చెయ్యి ఎత్తి ఊపాను.

తిరిగొచ్చే దోవ వేరే దోవ.
ఎండ రెండో చెంపకి మారింది,
ఎడమన ఉన్న లోయ కుడికొచ్చి
కొత్త మనిషిలా పక్కన నడిచింది.
పొద్దున చూడని గూడొకటి, పగిలిన కూజా పెంకు,
నా బూటు అచ్చులే నాకు ఎదురొస్తా.

శనివారం మళ్లీ బానెట్ మీద పటం, నీళ్ల సీసా.
"దస్తా, ఏ దోవ బాగుంటుంది?"
అరచెయ్యి తియ్యకుండా అడిగాను,
"పోయేటప్పుడా, వచ్చేటప్పుడా?"