కౌంటు

మార్కాపురంలో నాయన పలకల రాయి చీలుస్తాడు.
మా వీధి దగ్గుకి కూడా బూడిదరంగే.
అంచు విరిగి అమ్మకానికి పనికిరాని పలకొకటి
ఇంట్లో మేకుకి వేలాడేది.
గుంటూరు నుంచి అమ్మ ఫోన్లో అంకె చెబితే
నేను రాసేదాన్ని.
ప్లేట్‌లెట్లు పన్నెండు వేలు.
తెల్లకణాలు ఎనిమిది వందలు.
తప్పు రాస్తే మళ్లీ చెప్పేది, కోప్పడకుండా.
ఆ కోప్పడకపోవడమే నాకు భయంగా ఉండేది.

ముందు తెల్లకణాలు ఎక్కువై జబ్బన్నారు,
తర్వాత తక్కువై ప్రమాదమన్నారు.
ఎటు తిరిగినా భయమే మిగిలే లెక్క
మూడో తరగతిలో మాకెవరూ చెప్పలేదు.

తమ్ముడు సైదావలికి ఆరేళ్లు.
దొనకొండ, వినుకొండ, నరసరావుపేట:
స్టేషన్ల బోర్డుల మీదే వాడికి చదువొచ్చింది.
ఎర్రమందు ఎక్కించిన రోజు
"అక్కా, నేను కలర్ సోడా పోస్తున్నానే" అని
ఫోన్లో పడీ పడీ నవ్వాడు.
వెనకాల అమ్మ నవ్వు వినపడలేదు.

మాత్రల నెలలో ఇంటికొచ్చారు.
అర్ధరాత్రి లేచి పప్పుచారన్నం,
తెల్లారకముందే మళ్లీ పప్పుచారన్నం.
బుగ్గలు పూరీల్లా పొంగితే
"బిడ్డ ఒళ్లు చేశాడు, ఇంకేం" అనేసి పోయింది
పీరమ్మ పెద్దమ్మ.
రైల్లో ఎవరో వాడి గుండు నిమరబోతే
అమ్మ చెయ్యి అడ్డం పెట్టి
"కసుమూరు మొక్కమ్మా" అనిందంట.
ఆ మాటకి పెట్టె పెట్టంతా సర్దుకుని చోటిచ్చిందంట.
అప్పట్నుంచి ఎవరడిగినా అదే మాట.

పక్క మంచం పిల్ల వాడికి స్కెచ్‌పెన్నులిచ్చింది,
ఆకుపచ్చది ఒక్కటి తనకుంచుకుని.
వానలు పడేనాటికి
ఆకుపచ్చది కూడా మా ఇంటికొచ్చింది.
నేనేమీ అడగలేదు.

ఒకసారి అబద్ధమాడాను.
అమ్మ వచ్చిందని తెలిసి, బడి ఎగ్గొట్టి,
ఫ్యాక్టరీ వెనక రాళ్లకుప్ప మీద
ఒళ్లు కాలేదాకా ఎండలో కూర్చుని వచ్చా.
"అమ్మా, జ్వరం."
నుదుటి మీద చెయ్యేస్తుందనుకున్నా.
తమ్ముణ్ణి చంకనేసుకుని
ఒక్క ఉరుకున గడప దాటింది.
"దగ్గరికి రాబాక!"
ఆ రాత్రి పెద్దమ్మ ఇంట్లో పడుకున్నా.
పొద్దునకి నిజంగానే ఒళ్లు చల్లబడింది,
ఎవరికీ చెప్పలేదు.

మూడేళ్లకి మందులాపారు.
రక్తం చూపించుకుని రావడం ఆగలేదు,
పలక మేకు దిగలేదు.
వాడికి జుట్టు ఉంగరాలుగా మొలిచింది,
అటు వాళ్లకీ ఇటు వాళ్లకీ లేని ఉంగరాలు.
అమ్మకి మాత్రం ఒకటే పట్టుకుంది:
"అన్నిసార్లు మస్తాన్‌స్వామి పేరు వాడుకున్నా.
బాకీ పెట్టుకోగూడదు."

కసుమూరులో కత్తి చూసి
సైదావలి నాయన లుంగీ వెనక్కి పోయాడు.
"మళ్లీనా?" అన్నాడు.
అంతే.
ఎవరం మాట్లాడలేదు.

నేను పోయి పీట మీద కూర్చున్నా.
నడుం దాకా జడ,
ఇన్నాళ్లూ నేనే చిక్కు తీసి నేనే అల్లుకున్నది.
నీళ్లు చల్లితే ఒళ్లు జలదరించింది.

లేచి నిలబడ్డాక
నా బోడితల మీద అమ్మ చెయ్యి పెట్టింది,
కాలుతుందో లేదో చూసినట్టు.
బస్సు టైమయిందని నాయన రెండుసార్లు పిలిచాడు.
తియ్యలేదు.